స్థూలారుంధతీ న్యాయము – బేగంపేట వేధశాల



సికింద్రాబాదు కల్యాణ మండపములలో ముహూర్తము ఉదయము పదకొండు గంటల ప్రాంతములో పడినప్పుడు ఒక దృశ్యము తప్పక కనిపిస్తుంది. మాంగల్యధారణ, సప్తపది ముగిసిన పిమ్మట పురోహితుడు వధూవరులను వెలుపలికి తీసుకొని వచ్చి, ఎండ కాస్తున్న ఆకాశములో ఉత్తరము వైపు వేలు చూపి, "అదిగో అరుంధతి, నమస్కారము చేసుకోండి" అంటాడు. వధువు కళ్ళకు చేయి అడ్డము పెట్టుకొని తల ఊపుతుంది. బంధువులు నవ్వుతారు. ఫొటోగ్రాఫరు మరొక్కసారి వేలు ఎత్తమంటాడు. రాత్రి ముహూర్తమైనను పరిస్థితి పెద్దగా మారదు. నగరపు దీపకాంతిలో అరుంధతి వంటి చిన్న తార కంటికి ఆనడము అరుదైపోయినది.

కనిపించని తారను చూపడము వట్టి తంతేనా? ఈ ప్రశ్నకు శాస్త్రములో ఒక సమాధానము ఉన్నది. ఆ మండపములకు కూతవేటు దూరములోని బేగంపేటలో, నూరేళ్ళ నాటి ఒక వేధశాల చరిత్రలో, మరొక సమాధానము ఉన్నది. రెండును ఒకదానినొకటి బలపరుస్తాయి.

ముందుగా శాస్త్రమును చూద్దాము. సప్తర్షి మండలము తోకలో నడిమి నక్షత్రము వసిష్ఠుడు. ఆయనను అంటిపెట్టుకొని మిణుకు మిణుకుమనే చిన్న తార అరుంధతి. కొత్తవానికి ఆమెను నేరుగా చూపడము కష్టము. అందుచేత గురువు మొదట పెద్ద నక్షత్రమునే చూపి "ఇదే అరుంధతి" అంటాడు. శిష్యుని దృష్టి అక్కడ నిలిచిన తరువాత "అది కాదు, దాని ప్రక్కనున్న సూక్ష్మ తార" అంటాడు. దీనినే స్థూలారుంధతీ న్యాయము అంటారు. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యములోని ఈక్షత్యధికరణములో ఈ దృష్టాంతమును చూపారు. తైత్తిరీయోపనిషత్తు అన్నమయ కోశముతో ఆరంభించి, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయముల మీదుగా సాధకుని లోపలికి నడిపించే పద్ధతిని కూడ పెద్దలు ఈ న్యాయముతోనే వివరిస్తారు.

ఈ న్యాయములో రెండు అంగములు ఉన్నాయి. మొదటిది స్థూలమును ఆశ్రయించుట. రెండవది, పని తీరిన పిమ్మట "ఇది అది కాదు" అని ఆ స్థూలమును విడుచుట. మొదటిది లేనివానికి మార్గము లేదు. రెండవది లేనివానికి గమ్యము లేదు.

ఈ రెండవ అంగమును మరచినందువల్ల ఈ కాలములో ఒక అపోహ ప్రచారములోనికి వచ్చినది. "వసిష్ఠారుంధతులు ఒకరి చుట్టూ ఒకరు తిరిగే జంట తారలని ఋషులకు ముందే తెలుసు, అందుకే వివాహములో చూపమన్నారు" అని ఉపన్యాసములలో చెప్పడము వినిపిస్తున్నది. వినుటకు ఇంపుగా ఉన్నను, గృహ్యసూత్రములలో చెప్పినది అది కాదు. అక్కడ ధ్రువుడు స్థిరత్వమునకు, అరుంధతి పాతివ్రత్యమునకు ప్రతీకలు. పైగా వసిష్ఠారుంధతుల మధ్య దూరము ఎంత అధికమంటే, వారు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుచున్నను ఒక ఆవృత్తికి లక్షల సంవత్సరములు పట్టును. ఏ కన్నూ ఆ గతిని చూడలేదు. ఋషులు చెప్పనిదానిని వారి నోట పెట్టడము వారికి గౌరవము కాదు. సత్యము వద అని వేదము చెప్పినది ఇతరుల విషయములోనే కాదు, మన పూర్వుల విషయములోను పాటించవలసినదే.

జరిగిన చరిత్ర ఇంతకంటె రమ్యముగా ఉన్నది. 1617 లో ఇటలీ దేశస్థుడు బెనెదెత్తో కాస్తెల్లి దూరదర్శినితో చూచి వసిష్ఠుడొక్కడే రెండు తారలని గుర్తించాడు. 1889 లో అమెరికాలోని హార్వర్డు వేధశాలలో ఎడ్వర్డ్ పికరింగ్, ఆ రెండింటిలో ప్రకాశవంతమైన తార వర్ణపటములోని రేఖలు ఒకప్పుడు ఒకటిగాను, మరియొకప్పుడు రెండుగా చీలియు కనిపించుట గమనించి, అది కూడ జంటయే అని ప్రకటించాడు. ఏ దూరదర్శినిలోను విడివిడిగా కనిపించని జంట అట్లు తొలిసారి తెలియవచ్చినది. తరువాత రెండవ తారయు జంటయే అని తేలినది. 2009 లో అరుంధతికి కూడ ఒక మంద తార తోడుగా ఉన్నట్లు కనుగొన్నారు. కంటికి రెండుగా ఉన్నది ఇప్పుడు ఆరుగా నిలిచినది. "ఇదే అరుంధతి" అన్న ప్రతిసారీ "ఇంకా సూక్ష్మమున్నది" అని ఆకాశమే బదులు చెప్పినట్లయినది.

ఇక బేగంపేటకు వద్దాము.

హైదరాబాదు సంస్థానములోని ప్రభువర్గమునకు చెందిన నవాబు జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901 లో ఫిసల్‌బండలోని తన ఆవరణములో వేధశాలను స్థాపించాడు. దానికి నిజామియా అని పేరు పెట్టుటకు ఆరవ నిజాము అనుమతి పొందాడు. తన తదనంతరము ప్రభుత్వము దానిని స్వీకరించవలెనని కోరాడు. ఆయన 1907 లో మరణించగా, 1908 లో వేధశాల ప్రభుత్వాధీనమైనది. మొదటి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్ కాలములో అది బేగంపేటకు తరలినది.

ఆనాడు ప్రపంచమంతటా ఒక మహాయజ్ఞము సాగుచుండెను. 1887 లో పారిస్ నగరములో సమావేశమైన ఖగోళవేత్తలు మొత్తము ఆకాశమును ఛాయాచిత్రములుగా తీసి, ప్రతి తార స్థానమును కొలిచి గ్రంథస్థము చేయవలెనని సంకల్పించారు. ఆకాశమును పట్టీలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీ అప్పగించారు. చిలీ దేశపు సాంటియాగో వేధశాల తన భాగమును పూర్తి చేయలేకపోగా, ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగా 17 నుండి 23 అంశముల వరకు గల ఆ పట్టీ హైదరాబాదుకు వచ్చినది. తరువాత ఉత్తరముగా 36 నుండి 39 అంశముల పట్టీ కూడ చేరినది. 8 అంగుళముల కుక్ ఛాయాగ్రాహక దూరదర్శినితో ఈ పని సాగినది. 1914 నుండి 1918 వరకు రాబర్ట్ పోకాక్, ఆయన తరువాత 1944 వరకు టి. పి. భాస్కరన్ దీనిని నడిపారు. 1919 లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంక్రమించినది.

ఆ పని స్వభావమును సాధకులు గమనించవలెను. రాత్రివేళ గాజు ఫలకముపై ఆకాశపు ముక్కను పట్టుట. పగటివేళ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, గళ్ళ గీతల మధ్య ప్రతి చుక్క ఎక్కడున్నదో కొలుచుట. ఆ అంకెను వ్రాయుట. తరువాతి చుక్కకు పోవుట. సంవత్సరముల తరబడి ఇట్లు సాగిన జపము వంటి శ్రమ ఫలితముగా ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానములతో 12 సంపుటములు వెలువడినాయి. ఈ ఫలకములపై ఒకదానినొకటి ఆనుకొని కనిపించిన జంట తారల కొలతలును ఆ శ్రమలో భాగమే.

ఇందులో ఏ ఒక్క కొలతయు వార్త కాలేదు. అంతర్జాతీయముగానే ఆ మహాసంకల్పము కాలము గడచిన కొలది పాతబడినదని అనిపించుకొన్నది. కొత్త ఖగోళశాస్త్రము తారలు దేనితో చేయబడినవి, ఎట్లు జ్వలించుచున్నవి అన్న ప్రశ్నల వైపు సాగిపోగా, స్థానములను కొలుచుచు కూర్చున్నవారు వెనుకబడినారని కొందరు జాలిపడినారు. అయినను కొలతలు ఆగలేదు. ఈ వేధశాలలోనే పనిచేసిన ఒక ఖగోళవేత్త కుమారుడు, ఆ గుమ్మటముల నీడలో పెరిగి, హైదరాబాదు ప్రభుత్వపు ఉపకార వేతనముతో హార్వర్డుకు వెళ్ళి, తరువాత కొడైకెనాల్, కావలూరు వేధశాలలను తీర్చిదిద్ది, భారతీయ ఖగోళశాస్త్రమునకు పెద్ద దిక్కయినాడు. ఆయనయే వేణు బప్పు.

కాలక్రమమున బేగంపేట చుట్టూ ఊరు పెరిగినది, దీపములు పెరిగినాయి, చీకటి తరిగినది. అక్బర్ అలీ డైరెక్టరుగా ఉన్న కాలములో కొత్త దూరదర్శినికి ప్రయత్నము మొదలై, నగరమునకు ఆగ్నేయముగా జపాల, రంగాపురము గ్రామముల మధ్య 1968 లో 48 అంగుళముల దూరదర్శిని నెలకొన్నది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమునకు శాస్త్రజ్ఞులు ఈ స్థలమునకే తరలివచ్చారు. ఇక్కడ దీర్ఘకాలము సాగిన ముఖ్యమైన పని జంట తారల పరిశీలనమే. 1960 తరువాత దీర్ఘకాలము ఈ శాఖను నడిపిన కె. డి. అభ్యంకర్ ఒక వైపు జంట తారలను పరిశీలిస్తూ, మరొక వైపు వేదాంగ జ్యోతిషమును, సిద్ధాంత గ్రంథములకు పూర్వపు భారతీయ కాలగణనను పరిశోధించారు. రెండింటిలోను ఆయనకు ఒకే నియమము. గ్రంథము చెప్పినదేమి, ఆకాశము చూపినదేమి అని వేరువేరుగా చూచి, తరువాతనే కలుపుట.

జంట తారల మీద ఇంత శ్రమ ఎందుకు? కారణము సులభము. తార ఎంత కాలము జీవించునో, ఎట్లు అంతమగునో నిర్ణయించునది ప్రధానముగా దాని ద్రవ్యరాశి. ఒంటరి తారను తూచుట మహాకష్టము. జంటలో ఒకటి మరొకదానిని ఎంత బలముగా తిప్పుచున్నదో చూచి రెండింటిని తూచవచ్చును. తారలకు జంటయే త్రాసు. కొన్ని జంటలలో ఒక తార మరొకదానికి అడ్డము వచ్చినప్పుడు గ్రహణము వలె కాంతి తగ్గును. ఆ తగ్గుదల లోతును, వ్యవధిని బట్టి వాటి పరిమాణములు, వర్ణపట రేఖల చలనమును బట్టి వేగములు, ఆ రెండింటి నుండి ద్రవ్యరాశులు తెలియును. జపాల–రంగాపురములో రాత్రుల తరబడి కాంతిని కొలిచినది ఇందుకే.

అయితే ఈ త్రాసుకు ఒక పరిమితి ఉన్నది. జంట నుండి కాంతి రావలెను, లేదా తిరుగుట మనుష్యుల కాలములో కనిపించవలెను. కాంతియే రాని జంటను ఎట్లు తెలుసుకొనవలెను? వేల ఏండ్లకొకసారి తిరిగే జంటను ఎట్లు తూచవలెను?

ఇక్కడ న్యాయశాస్త్రము చెప్పిన అనుమాన ప్రమాణమును స్మరించవలెను. గౌతమ మహర్షి అనుమానమును పూర్వవత్, శేషవత్, సామాన్యతోదృష్టము అని మూడు విధములుగా చెప్పాడు. కార్యమును చూచి కారణమును గ్రహించుట శేషవత్. వాత్స్యాయన భాష్యములోని ఉదాహరణ అందరికి తెలిసినదే. నది పొంగినది కనుక ఎగువన వర్షము కురిసినది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు ఒడ్డున నిలిచినవారు ఎగువ మేఘములను చూడలేదు, నీటిని చూచారు.

1936 లో ఐన్‌స్టైన్ ఒక చిన్న వ్యాసము ప్రకటించాడు. ద్రవ్యరాశి ఉన్నచోట కాంతి వంగును. కనుక ఒక తార మరొక దూరపు తారకు సరిగా అడ్డముగా వచ్చినచో, ముందున్నది భూతద్దము వలె పనిచేసి, వెనుకనున్న తార కాంతిని పెంచి చూపును. ఇట్టి అమరిక చూచే అవకాశము దాదాపు లేదని ఆయనయే భావించాడు. అర్ధశతాబ్దము తరువాత, 1986 లో, పోలండు శాస్త్రజ్ఞుడు బోహ్దాన్ పచిన్‌స్కీ ఒక ఉపాయము చెప్పాడు. ఒక తారను కాదు, లక్షలాది తారలను రాత్రి తరువాత రాత్రి కొలుచుచుండవలెను. 1993 లో తొలి ఫలితములు వెలువడినాయి. ఇదే గురుత్వ సూక్ష్మ కటకము. వెనుక తార కాంతి కొన్ని వారముల పాటు పొంగి, అదే తీరున తగ్గును. నది పొంగినది, ఎగువన ఏదో ఉన్నది.

ఇక్కడ న్యాయదర్శనములోనే పూర్వపక్షము ఒకటి కలదు. వర్షము లేకున్నను, ఎక్కడో ఆనకట్ట అడ్డుపడి నీరు పెరగవచ్చును కదా? సిద్ధాంతి సమాధానము ఇది. వాన వరదకు దాని గుర్తులు వేరుగా ఉంటాయి. ప్రవాహ వేగము, నురుగు, కొట్టుకొని వచ్చే ఫలములు, ఆకులు, కట్టెలు. వాటిని చూడనివాని దోషమే గాని అనుమానము దోషము కాదు. ఖగోళవేత్తలకు సరిగా ఇదే సమస్య ఎదురైనది. తమంతట తాము వెలుగు పెంచుకొనే తారలు ఎన్నో ఉన్నాయి. కటకము వల్ల కలిగిన పొంగుకు గుర్తులు వేరు. అన్ని రంగులలోను సమానముగా పెరుగును, ఎక్కుట దిగుట ఒకే తీరుగా ఉండును, మరల రాదు. ఈ గుర్తులను పరీక్షించిన పిమ్మటనే నిర్ణయము.

ముందున్నది ఒక తార కాక జంట అయినచో? 1991 లో షుడే మావ్, పచిన్‌స్కీ ఈ ప్రశ్నకు గణితము చేశారు. ఎండవేళ కోనేటి అడుగున చూచినచో, నీటి అలలు వంచిన వెలుగు సన్నని గీతలుగా కూడి కదలుచుండును. గీత మీద కాంతి తీవ్రము, ఇటు అటు సామాన్యము. జంట కటకము కూడ ఆకాశములో ఇట్టి గీతలను ఏర్పరచును. వెనుక తార ఒక గీతను దాటినప్పుడు కాంతి హఠాత్తుగా ఎగసిపడును, లోపల ఉన్నంత సేపు హెచ్చుగా ఉండును, వెలుపలికి వచ్చునప్పుడు మరల ఎగసి పడిపోవును. ఆ ఎగుడుదిగుడుల నుండి ముందున్న జంటలో ఒకదాని ద్రవ్యరాశికి మరొకదానిది ఎన్నవ వంతో, వాటి ఎడమెంతో లెక్కించవచ్చును. అవి ఒక్క కిరణము వెదజల్లకపోయినను సరే. 1994 లో పోలండు బృందము ఇట్టి మొదటి జంటను ప్రకటించినది. ఇట్టి ఘట్టము ఒక్కసారి వచ్చి పోవును, కనుక భూమి మీద ఒకచోట తెల్లవారిన వెంటనే మరొకచోట చీకటిలో ఉన్న వేధశాల అందుకొనవలెను.

వేల ఏండ్ల ఆవృత్తి గల జంట సంగతియు ఇట్లే తీరినది. సుమారు 18 కాంతి సంవత్సరముల దూరములో స్టెయిన్ 2051 అనే జంట కలదు. ఒకటి ఎర్రని చిన్న తార, రెండవది శ్వేత కుబ్జము, అనగా ఇంధనము తీరి చల్లారుచున్న తార అవశేషము. వాటి పరిభ్రమణము అతి మందము కనుక ఆ కుబ్జమును తూచుటకు త్రాసు సరిపోలేదు. భారతీయ ఖగోళవేత్త కైలాస్ సాహు బృందము 5,000 కు పైగా తారల గతులను పరిశీలించి, ఆ కుబ్జము 2014 మార్చిలో ఒక దూరపు తారకు అతి చేరువగా కనిపించునని ముందుగానే లెక్కించినది. హబుల్ దూరదర్శినితో 2013 నుండి 2015 వరకు చూడగా, వెనుక తార తన చోటి నుండి అణుమాత్రము జరిగి మరల వచ్చినది. 1919 గ్రహణమునాడు సూర్యుని ప్రక్కన ఎడింగ్టన్ బృందము చూచిన వంపుతో పోల్చిన అది సుమారు వెయ్యవ వంతు. దాని నుండి ఆ కుబ్జము బరువు సూర్యునిలో సుమారు 68 శాతమని 2017 లో తేలినది. శ్వేత కుబ్జముల బరువునకు, పరిమాణమునకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ చూపిన సంబంధమునకు అది సరిపోయినది.

ఇట్లు ముందుగా లెక్కించుటకు ఆధారమేమి? తారలు ఎక్కడ ఉండెను, ఇప్పుడు ఎక్కడ ఉన్నవి అన్న జ్ఞానము. రెండు స్థానముల భేదమును బట్టి కంటికి కనిపించని గతిని తెలుసుకొనుటయే వాత్స్యాయనుడు సూర్యుని విషయమున చెప్పిన సామాన్యతోదృష్టము. 2000 సంవత్సరములో హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో సుమారు 25 లక్షల తారల గతులను లెక్కించి టైకో–2 అను పట్టికను ప్రకటించారు. ఆ గతులకు పూర్వస్థానములు ఎక్కడి నుండి వచ్చినాయి? ఆ నూరేళ్ళ నాటి ఛాయాచిత్ర మహాసంకల్పపు సంపుటముల నుండియే. అందులో హైదరాబాదు పట్టీలు ఉన్నాయి. నిరర్థకమని జాలిపడిన ఆ కొలతలు లేనిచో ఆకాశములో నూరేళ్ళ నాటి ఆ సాక్ష్యము ఉండెడిది కాదు. సూక్ష్మదర్శినిపై వంగి ఆ అంకెలను వ్రాసినవారిలో ఎవరును ఈ ఫలమును చూడలేదు. కర్మయందే అధికారమని భగవానుడు చెప్పినదానికి భాగ్యనగరములో ఇంతకంటె స్పష్టమైన భాష్యము వెదకనక్కరలేదు.

నేడు బేగంపేటలోని ఆ పాత ఆవరణములో సామాజిక అధ్యయన సంస్థ ఒకటి నడుచుచున్నది. ప్రక్కనే గుమ్మటములు మౌనముగా నిలిచి ఉన్నాయి. అక్కడి నుండి ఇప్పుడు ఎవరును తారలను కొలవరు. కాని కొలిచినది నిలిచినది.

కనుక పట్టపగలు పురోహితుని వేలు వైపు చూచి నవ్వే బంధువులను తప్పు పట్టనక్కరలేదు. వేలు చూపేవానికి మాత్రము ఒక ధర్మము ఉన్నది. ఆ వేలు స్థూలము. దానితోనే పని ముగిసినదని అనుకొనరాదు. ఆ దంపతులను వేసవి రాత్రి ఏ పల్లెకో, ఏ గుట్ట మీదికో వెళ్ళి, సప్తర్షులను గుర్తించి, వసిష్ఠుని ప్రక్కన చిన్న చుక్క కనిపించువరకు ఓపికగా నిలబడమని చెప్పవలెను. కనిపించిన పిమ్మట, కనిపించినదే అంతమని అనుకొనవద్దని కూడ చెప్పవలెను. దాంపత్యమునకు, తారాన్వేషణకు, బ్రహ్మజిజ్ఞాసకు ఈ ఉపదేశము సమానమే.

స్వస్తి.